పరదాకు ముందూ వెనకా

1958 ఏప్రిల్ 1న అట్లాంటిక్ దాటే విమానాల్లో ఎకానమీ అనే కొత్త తరగతి మొదలైంది. మొదలైన కొద్దిరోజులకే ఆ తరగతిలో పెట్టే శాండ్‌విచ్ మీద విమాన సంస్థలు తగాదాకు దిగాయి. ఛార్జీలైనా, సదుపాయాలైనా అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐయాటా గీసిన గీత దాటకూడదన్నది అప్పటి కట్టుబాటు. ఎకానమీ ప్రయాణికుడికి వేడి భోజనం పెట్టకూడదు. శాండ్‌విచ్, కాఫీ, టీ, నీళ్ళు, అంతే. స్కాండినేవియా దేశాల ఎస్.ఏ.ఎస్. సంస్థ ఆ మాట తప్పలేదు. అయితే వాళ్ళ దేశాల్లో శాండ్‌విచ్ అంటే ఒక్కటే రొట్టె ముక్క, దాని మీద చేపో మాంసమో ఛీజో గుట్టగా పేర్చి ఫోర్కుతో తింటారు. అదే వడ్డించింది. ఇది శాండ్‌విచ్ కాదు, నిండు భోజనం అని అమెరికా వాళ్ళ పాన్ యామ్ ఫిర్యాదు చేసింది. ఐయాటా పెద్దలు కూర్చుని విచారించి, శాండ్‌విచ్ చల్లగా, సాదాగా, చవగ్గా ఉండాలనీ, రొట్టె బాగా కనబడాలనీ తీర్పు చెప్పారు. ఎస్.ఏ.ఎస్.కు 20,000 డాలర్ల జరిమానా పడింది.

రొట్టె ముక్క మీద అంత రభస ఎందుకైందంటే, వెనక కూర్చున్నవాళ్ళు కడుపునిండా తింటే ముందు కూర్చోవడానికి ఎవరూ ఎక్కువ డబ్బు కట్టరేమోనన్న భయం. ఇవాళ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా బయల్దేరే కుటుంబం, ఇంకో లక్షో రెండు లక్షలో పోస్తే బిజినెస్ క్లాసు వస్తుందట, పోద్దామా మానేద్దామా అని మల్లగుల్లాలు పడుతుంది. ఆ తర్జనభర్జనకు దాదాపు నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. దాని మొదలు రైలు పెట్టెలో ఉంది.

తొలి రోజుల ఇంగ్లండు రైళ్ళలో మూడో తరగతి అంటే చాలాచోట్ల కప్పులేని బండి. కొన్నింటిలో కూర్చోవడానికి బల్ల కూడా ఉండేది కాదు. 1841 డిసెంబర్ 24 తెల్లవారుజామున రీడింగ్ దగ్గర సోనింగ్ అనే చోట, కట్ట జారి పట్టాల మీద పడిన మట్టిలోకి ఒక రైలు దూసుకుపోయింది. ఇంజను వెనకే ఉన్న మూడో తరగతి బండ్లకు పొట్టి గోడలు తప్ప ఇంకే ఆసరా లేదు. వెనకనుంచి సరుకు పెట్టెలు వచ్చి గుద్దడంతో అందులో ఉన్న పనివాళ్ళు ఎగిరిపడ్డారు. ఎనిమిది మంది అక్కడికక్కడే చనిపోయారు. ఆ తర్వాత బ్రిటిష్ మంత్రి గ్లాడ్‌స్టన్ చొరవతో వచ్చిన 1844 చట్టం కంపెనీల మెడలు వంచింది. రోజుకు ఒక్క రైలైనా మైలుకు పెన్నీ మించని ఛార్జీతో నడపాలి. దాని పెట్టెలకు కప్పుండాలి, కూర్చునే వసతి ఉండాలి, వేగం గంటకు 12 మైళ్ళకు తగ్గకూడదు.

నాలుగు చెక్కలు కొట్టి కప్పు వేయించడానికి చట్టం దాకా ఎందుకు పోవాల్సి వచ్చింది? ఫ్రాన్స్‌లో రోడ్లూ వంతెనలూ కట్టించే ఇంజనీరు జూల్ ద్యుపుయి 1849లో దీనికి జవాబు రాశాడు. మూడో తరగతికి కప్పు వేయకపోవడం నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి కాదట. రెండో తరగతి టికెట్ కొనగల స్తోమత ఉన్నవాడు మూడో తరగతి ఎక్కకుండా చూసుకోవడానికట. కంపెనీకి పేదల మీద పగేమీ లేదు. దెబ్బ తగిలేది పేదవాళ్ళకు, బెదరాల్సింది మాత్రం ఉన్నవాళ్ళు. అదే లెక్క ప్రకారం మొదటి తరగతిలో అవసరానికి మించిన ఆడంబరం పేరుస్తారని కూడా ఆయన అన్నాడు. విమానాల్లో తరగతుల చరిత్రకు ఇంతకన్నా మంచి తాళంచెవి దొరకదు, ఆయన రాసేనాటికి విమానమే లేకపోయినా.

మన దేశానికి రైలుతో పాటే తరగతులూ వచ్చాయి. 1917 సెప్టెంబర్‌లో గాంధీజీ బొంబాయిలో మద్రాసు బండి ఎక్కారు. మూడో తరగతి టికెట్ 13 రూపాయల 9 అణాలు. ఎక్కిన పెట్టె మీద 22 మందికని రాసి ఉంది. రాయచూరు చేరేసరికి తొక్కిడి భరించలేనంత అయిందని ఆయన రాసుకున్నారు. రాయచూరు దాటితే ఆ దారి గుంతకల్లు, కడప, రేణిగుంట మీదుగా చాలా దూరం తెలుగు నేలలోనే పోతుంది. అంటే ఆ ఇరుకులో ఆయన పక్కన నలిగినవాళ్ళలో మనవాళ్ళూ ఉండి ఉంటారు. ఆ అనుభవం అదే ఏడు చిన్న పుస్తకంగా వెలువడింది. మొదటి తరగతి ఛార్జీ మూడో తరగతికి అయిదు రెట్లు పైనే ఉంది సరే, మూడో తరగతి వాళ్ళకు అందులో అయిదో వంతు, పోనీ పదో వంతు సుఖమైనా దక్కుతోందా అని ఆయన నిలదీశారు. పై తరగతుల వైభోగానికి డబ్బు కడుతున్నది మూడో తరగతి జనమేనని తేల్చారు. బిజినెస్ క్లాసు వాళ్ళే వెనక వాళ్ళ ఛార్జీ మోస్తున్నారని ఈ రోజుల్లో తరచూ వినబడే మాటకు ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. రెంటికీ వాటి వాటి కాలంలో ఆధారం ఉంది.

ద్యుపుయి చెప్పిన లెక్కను ధిక్కరించినవాళ్ళూ లేకపోలేదు. ఇంగ్లండులో మిడ్‌లాండ్ రైల్వే 1872లో తన రైళ్ళన్నిటిలోకీ మూడో తరగతి వాళ్ళను రానిచ్చింది. 1875లో రెండో తరగతినే ఎత్తేసి, మూడో తరగతి చెక్క బల్లలకు మెత్తలు వేయించింది. తోటి కంపెనీలు మండిపడ్డాయి. కొన్నేళ్ళకు చాలామటుకు అవి కూడా అదే దారి పట్టాయి. మన దగ్గర ఆ పని చేసినవాడు మధు దండవతే. 1974లో మూడో తరగతి పేరు పోయింది గానీ చెక్క బెర్తు పోలేదు. 1977లో రైల్వే మంత్రి అయిన దండవతే రెండో తరగతి స్లీపర్ బెర్తులకు రెండంగుళాల మందం ఫోము వేయించడం మొదలుపెట్టారు. ఆ ఏడాది డిసెంబర్ 26న బొంబాయి హౌరాల మధ్య తరగతులే లేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్ పరుగెత్తింది. రాత్రంతా చెక్క మీద ఒత్తుకుని తెల్లారేసరికి నడుం పట్టేసిన తరం ఆ రెండంగుళాల విలువ ఎన్నటికీ మరిచిపోదు. భారతీయ రైల్వేల్లో జరిగిన అతిపెద్ద అప్‌గ్రేడ్ అదే. ఎవరూ అదనంగా పైసా కట్టకుండా కోట్లమందికి అందింది.

విమానం మొదట్లో ఈ గొడవ ఎరగదు. ఎక్కినవాళ్ళందరూ డబ్బున్నవాళ్ళే. 1939లో పాన్ యామ్ నీటి మీద దిగే బోయింగ్ 314లతో న్యూయార్క్ నుంచి ఫ్రాన్స్‌కు సర్వీసు మొదలుపెట్టినప్పుడు ఒకవైపు ఛార్జీ 375 డాలర్లు, అందరికీ అదే. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1948 జూన్ 8 రాత్రి ఎయిరిండియా తొలి అంతర్జాతీయ విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ బయల్దేరింది. టికెట్ 1,720 రూపాయలు. ఆనాటి చిన్న గుమాస్తా ఏడాది జీతం మొత్తం పోసినా చాలని సొమ్ము అది. అలాంటి విమానంలో వెనక వరసైనా గొప్పే.

తరగతి పుట్టింది సీట్లు నింపే అవసరం వల్ల. యుద్ధం తర్వాత పెద్ద విమానాలు వచ్చాయి, సంపన్నులు అంతమంది లేరు. 1948లో అమెరికాలో క్యాపిటల్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్, షికాగోల మధ్య అర్ధరాత్రి పూట చవక విమానాలు నడిపింది. పాన్ యామ్ అధిపతి హువాన్ ట్రిప్ అట్లాంటిక్ మీద కూడా చవక టికెట్ పెట్టాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టి, చివరికి 1952 మే 1న టూరిస్టు తరగతి సాధించాడు. న్యూయార్క్ నుంచి లండన్ వెళ్ళి రావడానికి 486 డాలర్లు. వరసకు నాలుగు సీట్ల చోట అయిదు వచ్చాయి. ఆరేళ్ళకు దానికన్నా దాదాపు అయిదో వంతు తక్కువ ఛార్జీతో ఎకానమీ వచ్చింది. ఒక దశలో ఒకే విమానంలో డీలక్స్, ఫస్టు, టూరిస్టు, ఎకానమీ అని నాలుగు రకాల మనుషులు. ఎకానమీలో సీటుకూ సీటుకూ నడుమ 34 అంగుళాలు ఉండాలని ఐయాటా నియమం. ఆ రోజుల్లో అది ఇరుకుకు పరాకాష్ఠ. ఇవాళ చాలా విమానాల్లో అది 31 అంగుళాల చుట్టుపక్కల ఉంది, కొన్ని చవక సంస్థల్లో 28కి కూడా దిగింది. 1958లో పిసినారితనంగా కనబడిన కొలత ఇప్పుడు అదనపు డబ్బు కట్టి కొనుక్కునే ‘ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్’ అయింది. మోకాలు ముందు సీటుకు ఆనించుకుని పదహారు గంటలు కూర్చునే మనిషికి ఈ మూడంగుళాల చరిత్ర తెలియడం న్యాయం.

వెనక ఇలా బిగుసుకుంటుంటే ముందు వైపు ఆడంబరం పెరిగింది. 1970 జనవరిలో పాన్ యామ్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్ చేరింది. మరుసటి ఏడాది ఎయిరిండియా తన తొలి 747 తెచ్చి దానికి ‘ఎంపరర్ అశోక’ అని పేరు పెట్టింది. బయట కిటికీల చుట్టూ ఝరోఖాల్లా ఎర్రటి అంచులు దిద్దారు. మెలికల మెట్లెక్కి పైకి పోతే ఫస్టు క్లాసు వాళ్ళకు మాత్రమే విశ్రాంతి మందిరం. ఆకాశంలో రాజభవనం అని ప్రచారం చేసుకుంది సంస్థ, ఆ మాటకు తగ్గట్టే ఉండేది. 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఆ విమానం బాంద్రా దగ్గర సముద్రంలో కూలింది. అందులో ఉన్న 213 మందిలో ఒక్కరూ బతకలేదు.

బిజినెస్ క్లాసు మాత్రం రాజభోగం కోసం పుట్టలేదు. అది పుట్టింది ఒక ఫిర్యాదు నుంచి.

1977 సెప్టెంబర్ 26న ఫ్రెడ్డీ లేకర్ అనే ఆంగ్లేయుడు లండన్ గ్యాట్విక్ నుంచి న్యూయార్క్‌కు ‘స్కైట్రెయిన్’ నడిపాడు. ఛార్జీ 59 పౌన్లు. రిజర్వేషన్ లేదు, వరసలో నిలబడి టికెట్ కొనుక్కోవాలి, తిండి కావాలంటే విడిగా కొనుక్కోవాలి. లేకర్ కంపెనీ 1982లో మునిగిపోయింది గానీ ఆలోగా పాత సంస్థలన్నీ రకరకాల రాయితీలు ప్రకటించక తప్పలేదు. 1978 అక్టోబర్‌లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో అమెరికా దేశీయ ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు సడలింది. దాంతో ఎకానమీలో అప్పటికే మొదలైన ఒక వింత పరిస్థితి ముదిరింది. ఆఖరి నిమిషంలో పని పడి పూర్తి ఛార్జీ కట్టిన కంపెనీ మేనేజరు, నెలల ముందు అందులో మూడో వంతుకే టికెట్ కొన్న విహారయాత్రికుడు ఒకే వరసలో పక్కపక్కన కూర్చుంటున్నారు. భోజనం అదే, ఇరుకు అదే, పసిపిల్లల ఏడుపు అదే. నేను మూడింతలు కట్టి ఏం బావుకున్నాను అని మేనేజరు అడిగాడు.

జవాబు మొదట నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 1976లోనే కె.ఎల్.ఎం. పూర్తి ఛార్జీ కట్టినవాళ్ళను ఫస్టు క్లాసు వెనకున్న వరసల్లో విడిగా కూర్చోబెట్టింది. 1978లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ‘క్లబ్’ అంది, పాన్ యామ్ ‘క్లిపర్ క్లాస్’ అంది. 1979లో ఆస్ట్రేలియా వాళ్ళ క్వాంటస్ బిజినెస్ క్లాస్ అనే పేరుతోనే మొదలుపెట్టి, ప్రపంచంలో మొదటిది తనదేనని చెప్పుకుంటుంది. ఎవరిది మొదటిదన్న వాదన ఎలా ఉన్నా, తొలినాళ్ళలో సీటు చాలాచోట్ల మామూలు ఎకానమీ సీటే. పక్క సీటు ఖాళీగా వదిలేవారు, పానీయాలు ఉచితం, విమానాశ్రయంలో క్యూ వేరు. మధ్యలో ఒక పరదా.

యూరప్‌లో చిన్న దూరాల విమానం ఎక్కినవాళ్ళకు ఆ తొలి రూపం ఇప్పటికీ కనబడుతుంది. ముందు వరసల్లోనూ వెనక వరసల్లోనూ అవే మూడేసి సీట్లు. ముందు వరసల్లో నడిమి సీటు ఖాళీగా ఉంటుంది, కొన్నింటిలో దాని మీద ఒక బల్లచెక్క బిగించి ఉంటుంది. పైన సామాను అరల అంచున ఉన్న పట్టీ వెంట పరదా జరుగుతుంది. ఆ పూట బిజినెస్ టికెట్లు ఎక్కువ అమ్ముడైతే సిబ్బంది దాన్ని రెండు వరసలు వెనక్కి లాగుతారు, తక్కువైతే ముందుకు జరుపుతారు. అయిదో వరస పొద్దున బిజినెస్ క్లాసు, సాయంత్రం ఎకానమీ. అంత దూరంలో, అంత సేపటికి, ఆ పరదా కోసం రెట్టింపు డబ్బు పోయడం ఎవరికీ సలహా ఇవ్వదగ్గ పని కాదు.

అప్‌గ్రేడ్ అనే ఆశ జనంలోకి పాకింది ఆ తర్వాతే. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ‘అడ్వాంటేజ్’ పథకంతో ఎగిరిన మైళ్ళను ఖాతాలో జమ చేయడం మొదలుపెట్టింది. పోగైన మైళ్ళతో ముందు సీటుకు మారవచ్చు. ప్రయాణం కంపెనీ ఖర్చు, మైళ్ళు ఉద్యోగి సొంతం. వాటి కోసం అవసరం లేని ఊరి మీదుగా చుట్టుతిరిగి పోయేవాళ్ళు కూడా తయారయ్యారు. ఇక ఎకానమీలో ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మి, చివర్లో కొందరిని ముందుకు పంపడం సంస్థలకు పాత అలవాటే. ఒకప్పుడు కౌంటర్లో ఉన్న ఉద్యోగి దయ మీద నడిచిన ఆ వ్యవహారం ఇప్పుడు వేలంగా మారింది. ప్రయాణానికి కొన్నాళ్ళ ముందు ఈమెయిల్ వస్తుంది, ఎంత ఇస్తారో మీరే చెప్పండి అని. ఈ విషయంలో మన రైల్వే ఎంతో మర్యాదగా ఉంది. 2006లో వచ్చిన పథకం ప్రకారం, చార్టు తయారయ్యేటప్పుడు పై తరగతిలో బెర్తులు మిగిలితే పూర్తి ఛార్జీ కట్టినవాళ్ళలో కొందరిని కంప్యూటరే ఉచితంగా అక్కడికి మారుస్తుంది. స్లీపర్ టికెట్ కొన్నవాళ్ళు ఏసీ బోగీలో తేలిన సందర్భాలు తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ సంతోషంగా చెప్పుకునే కథలు.

డబ్బుకు తగ్గ ప్రతిఫలం నిజంగా వచ్చింది పడకతో. ఎనభైల్లో బిజినెస్ సీటు వెడల్పైన పడక కుర్చీ మాత్రమే. తర్వాత కాలు కిందకు వాలి ఉండే పడకలు వచ్చాయి. వాటిలో నిద్రపడితే మనిషి మెల్లగా పాదాల వైపు జారిపోయేవాడు. తొంభైల నడుమ బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫస్టు క్లాసులో పూర్తిగా చదునైన మంచం పెట్టింది. 2000లో అదే మంచాన్ని బిజినెస్ క్లాసుకు తెచ్చింది. వరసకు ఎనిమిది మంది చొప్పున ఆరడుగుల పడకలు పట్టించడమే అక్కడ చిక్కు. లండన్‌లోని టాంజరిన్ అనే డిజైన్ సంస్థ మనిషి ఆకారాన్నే ఆధారం చేసుకుంది. భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. అందుకని పక్కపక్క సీట్లను ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ తిప్పి, ఒకరి భుజాల పక్కన మరొకరి పాదాలు వచ్చేలా అమర్చింది. బయల్దేరేటప్పుడు పరిచయం లేని మనిషి ముఖంలో ముఖం పెట్టి కూర్చోవాల్సి వచ్చేది, నడుమ తెర లేచేదాకా. ఆ ఇబ్బంది జనం ఓర్చుకున్నారు, ఎందుకంటే పొద్దున నేరుగా ఆఫీసుకు పోగలిగేంత నిద్ర దక్కింది. ఆ తర్వాతి ఏళ్ళలో ప్రపంచంలో చాలా పెద్ద సంస్థలు అదే బాట పట్టాయి. 2017లో ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ సీటుకు తలుపు కూడా బిగించింది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. బోయింగ్ 777లో ఎకానమీ వరసకు సాధారణంగా పది సీట్లు, వరసకూ వరసకూ 31 అంగుళాలు. బిజినెస్‌లో వరసకు నాలుగు పడకలు. ఏటవాలుగా అమర్చినా వరసకు సుమారు 43 అంగుళాలు కావాలి. గుణించి చూస్తే ఒక్క పడక మూడున్నర ఎకానమీ సీట్ల చోటు తింటుంది. దూరప్రయాణాల్లో బిజినెస్ ఛార్జీ మామూలుగా ఎకానమీకి మూడు నుంచి అయిదు రెట్లు ఉంటుంది. అంటే మూడున్నర రెట్ల దాకా కట్టేది నేల అద్దె. ఆ పైన కట్టేది మాత్రమే పింగాణీ పళ్ళేనికీ, షాంపేన్‌కూ, పేరుకూ. మూడు రెట్ల లోపు దొరికిన పడక న్యాయమైన బేరం. అయిదు రెట్ల పడక కాదు.

వెనక వాళ్ళకు చోటు పెంచిన ప్రయత్నాలు విమానాల్లోనూ జరిగాయి. 2000లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వేల సీట్లు పీకేసి ఎకానమీ అంతటా మోకాళ్ళకు ఎడం పెంచింది. ప్రయాణికులు మెచ్చుకున్నారు, టికెట్ కొనేటప్పుడు మాత్రం నాలుగు డాలర్లు తక్కువున్న పక్క కంపెనీకి పోయారు. కొన్నేళ్ళకే ఆ సీట్లు మళ్ళీ బిగుసుకున్నాయి. మిడ్‌లాండ్ రైల్వేకు కలిసొచ్చిన ధైర్యం ఇక్కడ కలిసిరాలేదు. ఇందులో తప్పు సంస్థలదే అనలేం. చవక కోసం వెతికే మన వేళ్ళకూ ఆ ఇరుకులో వాటా ఉంది.

ఆరోగ్యం సంగతి కూడా నిజాయతీగా చెప్పుకోవాలి. ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అన్న పేరు 1977లో వైద్య పత్రికల్లో మొదలైంది, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బుకు. కానీ ఆ జబ్బు విమానానిది కాదు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, షెల్టర్లలో మడత కుర్చీల్లో రాత్రంతా కూర్చున్నవాళ్ళలో కొందరు ఇలాగే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి చనిపోయారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి రాశాడు. కారణం కదలకుండా కూర్చోవడం. బిజినెస్ క్లాసులో కదలకుండా కూర్చున్నా ముప్పే. ఎకానమీలో నడవ పక్క సీటు తీసుకుని గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే ముప్పు తగ్గుతుంది. కిటికీ పక్కన ఇరుక్కుని, పక్కవాళ్ళను లేపడానికి మొహమాటపడి, నీళ్ళు తాగడం మానేసి కూర్చునే పెద్దవాళ్ళకే అసలు ప్రమాదం.

ఆ పెద్దవాళ్ళు మన విమానాశ్రయాల్లో రోజూ కనబడతారు. కూతురి పురిటికో, మనవడి అన్నప్రాశనకో డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా వెళ్ళే తల్లిదండ్రులు. శంషాబాద్‌లో విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకున్నాక వాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఎక్కడా ఆగని విమానం నడిపింది. నగరం నుంచి అమెరికాకు నేరుగా ఎగిరిన తొలి సర్వీసు అది. ఆ 777లో 8 ఫస్టు, 35 బిజినెస్, 195 ఎకానమీ సీట్లు. ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. మళ్ళీ గల్ఫ్ మీదుగానో ఢిల్లీ మీదుగానో యూరప్ మీదుగానో పోవడమే. పిల్లలు బిజినెస్ క్లాసు టికెట్ కొంటామంటే ‘ఆ డబ్బు పెట్టి పిల్లకు ఏమైనా కొనండర్రా, మాకెందుకు’ అని అడ్డుపడే తల్లులు ఎందరో. అరవై అయిదు దాటి, మోకాళ్ళ నొప్పులతో, షుగరుతో పదహారు గంటలు కూర్చోవాల్సిన మనిషికి చదునైన పడక వైభోగం కాదు. వాళ్ళ మాట వినకుండా కొనాల్సిన వస్తువుల్లో అదొకటి.

ముప్ఫై ఏళ్ళ వయసులో, పగటి విమానంలో, రెండు గంటల దూరానికి కొనాల్సినది మాత్రం కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చినప్పుడూ, 2006లో ఇండిగో వచ్చినప్పుడూ వాటి విమానాల్లో తరగతులు లేవు. రైతూ, వ్యాపారీ, సినిమా నటుడూ ఒకే వరసలో కూర్చున్న ఆ ఇరవై ఏళ్ళు మన విమాన చరిత్రలో మంచి కాలం. 2024 నవంబర్ 14న ఇండిగో కూడా ఢిల్లీ, ముంబయిల మధ్య ముందు భాగంలో 12 పెద్ద సీట్లు పెట్టింది. ప్రారంభ ఛార్జీ 18,018 రూపాయలు. సుమారు డెబ్భయ్యేళ్ళ కింద అట్లాంటిక్ మీద జరిగిందే ఇక్కడా జరుగుతోంది, తలకిందులుగా. అక్కడ ఒకే తరగతిలోంచి చవకది విడిపోయింది, ఇక్కడ ఖరీదైనది విడిపోతోంది.

దూరప్రయాణాల్లో అంతరాలు మళ్ళీ పెరుగుతున్నాయి. తొంభైల మొదట్లో తైవాన్ వాళ్ళ ఇవా ఎయిర్, బ్రిటన్ వాళ్ళ వర్జిన్ అట్లాంటిక్ ఎకానమీకీ బిజినెస్‌కూ నడుమ ప్రీమియం ఎకానమీ పెట్టాయి. బిజినెస్ పడక బాగా కుదిరాక చాలా సంస్థలు ఫస్టు క్లాసునే ఎత్తేశాయి. ప్రీమియం ఎకానమీలో సీటు వాలుతుంది గానీ పడక కాదు. రాత్రి నిద్ర కోసం ఎదురుచూసేవాళ్ళు దానికి రెట్టింపు కట్టి నిరాశపడతారు. బిజినెస్ అన్న పేరుకూ ఒకటే అర్థం లేదు. ఎమిరేట్స్ సంస్థనే చూస్తే, ఏ380లో ప్రతివారికీ నేరుగా నడవలోకి దిగే పడక ఉండగా, 777ల్లో చాలా ఏళ్ళపాటు వరసకు ఏడు సీట్లు, నడిమి సీటుతో సహా ఉన్నాయి. కాబట్టి డబ్బు కట్టేముందు విమానం రకం, సీట్ల పటం చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా నాలుగు గంటలు ఎకానమీలోనే కూర్చుని, అక్కడినుంచి అమెరికాకు ఉన్న పద్నాలుగు పదహారు గంటలకు మాత్రమే అప్‌గ్రేడ్ అడిగితే చాలా సంస్థలు ఇస్తాయి, ఖర్చూ తగ్గుతుంది. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు రెండింటిలో ఒక్కదానికే డబ్బు కుదిరితే, రాత్రి వేళ ఎక్కువగా పడే ప్రయాణానికి కొనడం మేలు. అమ్మకో నాన్నకో ఒక్కరికే కుదిరితే, మోకాళ్ళ నొప్పి ఎక్కువున్నవాళ్ళ పేరు మీద.